కాగితాలు మోసే స్టాండు

నందిగామ మేస్త్రీ పోయాడని కోటేశ్వరరావు ఫోన్ చేసి చెప్పాడు. "పది గంటలకి తీసుకెళ్తారంట. వస్తారా అండి?" అని అడిగాడు. రానన్నాను. అతను రెండోసారి అడగలేదు. ఆ మనిషి నాకు చేసిందీ, నేను ఆ మనిషికి చేసిందీ రెండూ అతనికి తెలుసు.

ఆ మేస్త్రీ మంచివాడని ఎవరైనా అనగా నేను వినలేదు. పోయాడు కదా అని ఇప్పుడు నేను అనబోవడం లేదు.

ఆయన షాపు పాత హైవే పక్కన, బస్టాండు దాటాక ఉండేది. పైన నాలుగు రేకులు, ముందు ఒక పొడవాటి చెక్కబల్ల. బోర్డు లేదు. ఆయన చేసేది ఒక్కటే పని, మోటారు సైకిళ్ళకి సైడు బ్యాగులు తగిలించే స్టాండ్లు. అవి అందరూ చేసే రకం కావు. మిగతావాళ్ళు చేసేవి ఒకసారి బండికి అతికిస్తే బండితోనే ఉంటాయి. ఈయన బ్యాగు వెనక రెండు కొక్కేలు పెట్టి, బండికి ఇనప పట్టీ బిగించి, రెండింటినీ కలుపుతూ ఒక పిన్ను దూర్చేవాడు. పిన్ను లాగితే బ్యాగు చేతిలోకి వస్తుంది, పట్టీ బండికి ఉందో లేదో తెలియనట్టు ఉండిపోతుంది. మందుల కంపెనీల రిప్రజెంటేటివ్‌లు, కొరియర్ వాళ్ళు, పురుగుమందుల ఏజెంట్లు అటు కంచికచర్ల నుంచి, ఇటు జగ్గయ్యపేట నుంచి అక్కడికే వచ్చేవాళ్ళు.

బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని పని చేసేవాడు. చెవి వెనక సుద్దముక్క ఉండేది. బిగించడం అయ్యాక స్పానరుతో పట్టీని రెండు చోట్ల కొట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ శబ్దం నచ్చకపోతే మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఇనుము మీద చూపించిన ఆ ఓర్పులో పిసరంత కూడా మనుషుల మీద చూపించలేదు. 'సార్' అనే మాట ఆయనకి రాదు. 'అండి' అసలే రాదు. ఎస్సై వచ్చినా, పంచర్లు వేసేవాడు వచ్చినా "ఏమబ్బాయ్" అనేవాడు. నేను ఆయన దగ్గరికి వెళ్ళేటప్పటికి నాకు యాభై దాటాయి. మా నాయనమ్మ పోయాక నన్ను అబ్బాయ్ అన్నది ఆయనొక్కడే. నాయనమ్మ అన్నట్టు అనలేదు.

పని మొదలుపెట్టే ముందు ఒకే ప్రశ్న అడిగేవాడు. "ఏం మోస్తావు?" బల్ల మీద కూర్చున్న వాళ్ళందరికీ వినపడేలా సమాధానం చెప్పాలి. ఒకసారి ఒక బీమా ఏజెంటు "పర్సనల్ వస్తువులండి" అన్నాడట. "పర్సనల్‌కి స్టాండెందుకు, చెయ్యి అడ్డం పెట్టుకుని పో" అన్నాడట మేస్త్రీ. బల్లంతా నవ్వాక, ఆ మనిషి చెవులు ఎర్రబడి, "చీరలండి. మా ఆవిడ ఇంటింటికీ అమ్ముతుంది" అన్నాడట. "చీరలనడానికి అంత సిగ్గయినవాడివి, ఆ చీరల మీద వచ్చిన అన్నం ఎట్టా తింటున్నావ్?" అని, అప్పుడు టేపు తీశాడట. ఈ కథ ఆ బల్ల మీద ఎవరిని కదిపినా చెప్పేవాళ్ళు, ఆ ఏజెంటు ఎదురుగా ఉన్నా సరే.

చెప్పినదానికి తగిన బరువు అక్కడే బ్యాగుల్లో నింపి, షాపు ముందున్న స్పీడ్ బ్రేకరు మీదుగా తనే నాలుగు చక్కర్లు కొట్టి వచ్చేవాడు. ఆ తరువాత బండి యజమాని గొంతుక్కూర్చుని ఇరవై సార్లు బ్యాగులు విప్పి, మళ్ళీ తగిలించాలి. లెక్క పైకి చెప్పాలి. అది పూర్తయితేగానీ తాళం చేతికి ఇచ్చేవాడు కాదు.

నేను అక్కడికి ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో చెప్పాలి.

మా తాతగారి రోజుల్లో మా లోగిలిలో పెద్ద త్రాసు వేలాడుతుండేది. చుట్టుపక్కల నాలుగూళ్ళ పత్తి, మిరప అక్కడే తూచేవాళ్ళు. తూకంలో తేడా వస్తే మా తాతగారి మాటే చివరిమాట. ఆయన భూముల్లో సగం మా నాన్నగారి హయాంలో పోయాయి. మిగిలిన సగం నా హయాంలో కోర్టులో పోయాయి. ఎలా పోయాయన్నది ఇక్కడ అనవసరం. నాకు మిగిలింది ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేసే లైసెన్సు. కాటా సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్షించడానికి ఇనప తూకపురాళ్ళు కావాలి. ఇరవై కిలోలవి రెండు రాళ్ళను గోనెసంచిలో వేసి, తాళ్ళతో బండికి కట్టి, మిరప కొట్లకి, సిమెంటు దుకాణాలకి, ఎరువుల షాపులకి తిరిగేవాణ్ణి.

మా ఊళ్ళో ఈ సంగతి ఎవరికీ తెలియదు. నేను రోజూ నందిగామ కోర్టుకి వెళ్తున్నానని అనుకునేవాళ్ళు. కేసు ఓడిపోయి అప్పటికి ఆరేళ్ళు. అప్పీలు నడుస్తోందని నేనే చెప్పాను. సాయంత్రం జగ్గయ్యపేటలో ఒక విత్తనాల కొట్లో రాళ్ళు దించి, చేతులు కడుక్కుని, చొక్కా సర్దుకుని, ముక్త్యాల రోడ్డు మీదుగా ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆ తాళ్ళు విప్పడానికి బజారు మధ్యలో పావుగంట పట్టేది. ఆ పావుగంటలో మా ఊరివాళ్ళెవరైనా అటు వస్తే నా బతుకు బయటపడిపోతుంది. పిన్ను లాగితే ఊడివచ్చే బ్యాగులుంటే రెండు నిమిషాల పని. అందుకు వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి బల్ల మీద కోటేశ్వరరావు ఉన్నాడు. మా ఊరివాడు. వాళ్ళ నాన్న మా ఇంట్లో పాలేరుగా ఉండేవాడు. మా పొలంలో పద్నాలుగు ఎకరాలు ఇప్పుడు కోటేశ్వరరావువే. సరైన ధరకే కొన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "కూర్చోండి. మందు కొట్టే పంపు పెట్టుకోడానికి స్టాండు చేయించుకుంటున్నా. మీరూ దీనికేనా అండి?" అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోతే అనుమానం వస్తుంది. కూర్చున్నాను.

అప్పుడు మేస్త్రీ చెవిటికల్లు నుంచి వచ్చిన ఒక రైతుతో మాట్లాడుతున్నాడు. ఆ రైతు కొడుకు సిమెంటు లారీ కింద పడి పోయి నెల రోజులైంది. బండి అమ్మేస్తున్నాడు. కొనేవాడికి ఆ స్టాండ్లు వద్దట.

"తీసెయ్ మేస్త్రీ. ఇవి నువ్వు చేసినయ్యే," అన్నాడు రైతు.

మేస్త్రీ కుడి పక్క స్టాండు మీద బొటనవేలు పెట్టి, ముందు నుంచి వెనక్కి మెల్లగా నడిపించాడు. "లారీ వాడి మీద కేసు పెట్టావా?"

"పెట్టాం. వాడే గుద్దాడంట."

"తీసేసుకో కేసు. కుడి పక్క పట్టీ ముందు నుంచి వెనక్కి ఒరుసుకుని వంగింది చూడు. లారీ మీవాడికి కుడి పక్కనుంది. మీవాడే ఎడమ సందులోంచి దూరి ముందుకెళ్ళబోయాడు. లారీ వాడికి అద్దంలో కూడా కనపడడు."

ఆ రైతు బండి పక్కన కూర్చుండిపోయాడు. వంగిన పట్టీని రెండు చేతులతో పట్టుకున్నాడు. కాసేపటికి, "ఈ ముక్క ఇంకెవరితో అనకు మేస్త్రీ. వాళ్ళమ్మ తట్టుకోలేదు," అన్నాడు.

"అడక్కపోతే అనను. అడిగితే అంటా."

బల్ల మీద ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ స్టాండ్లు విప్పేశాక, రైతు ఆ పట్టీని తువ్వాలులో చుట్టుకుని బండెక్కి వెళ్ళిపోయాడు. నేరుగా వెళ్ళి కృష్ణలో విసిరేశాడని తరువాత ఎవరో అన్నారు.

ఆ మనిషి వీపు కనపడుతుండగానే మేస్త్రీ నా వైపు తిరిగాడు.

"ఏం మోస్తావబ్బాయ్?"

కోటేశ్వరరావు నన్నే చూస్తున్నాడని చూడకుండానే తెలిసింది.

"కాగితాలు," అన్నాను. "కోర్టు కాగితాలు."

ఆయన లేచి, నా బండి వెనక భాగాన్ని రెండు చేతులతో అదిమి వదిలాడు. బండి కిందికి దిగి, పైకి లేవడానికి బద్ధకించింది.

"షాకబ్జర్లు చచ్చిపోయినయ్. సీటు కింద రేకు వంగింది. పెద్ద కేసే!"

బల్లంతా నవ్వింది. కోటేశ్వరరావుకి మాత్రం కోపం వచ్చింది. "నవ్వే పని కాదు మేస్త్రీ. తాతల నాటి భూములు. కట్టలు కట్టలు ఉంటయ్ కాగితాలు."

"నిన్నడగలా. అబ్బాయ్, మళ్ళీ అడుగుతున్నా. ఏం మోస్తావు?"

"చెప్పానుగా, కాగితాలని."

"సరే. నువ్వు చెప్పిందే నాకు కొలత."

గోడకి రెండు రకాల పట్టీలు ఆనించి ఉన్నాయి. మందంగా ఉన్నదాని మీద చెయ్యి వేశాడు. వేసి, ఆగి, నా మొహంలోకి చూశాడు. నేను మాట్లాడలేదు. ఆ చెయ్యి తీసి పల్చటి పట్టీ అందుకున్నాడు. నేను చూశాను. ఆయన చూసిందీ, నేను చూసిందీ ఒకటేనని ఇద్దరికీ తెలుసు. నోరు తెరవడానికి నాకు ఆ పూటంతా వ్యవధి ఉంది.

ఎడమ పక్క చీర గార్డు విప్పుతూ, "ఇది తీస్తేగానీ స్టాండు కూర్చోదు. మీ ఇంట్లో ఆడవాళ్ళు వెనక ఎక్కరా?" అన్నాడు.

"మా ఇంటి ఆడవాళ్ళు బండ్లెక్కరు."

"ఓహో. కార్లెక్కుతారు గావాల!"

మళ్ళీ నవ్వులు. నా భార్య పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆ ఒక్క మాట చెబితే బల్ల నోరు మూసుకునేది. చెబితే జాలి అడుక్కున్నట్టు ఉంటుంది. చెప్పలేదు.

పరీక్షకి టీ కొట్టు నుంచి పాత పేపర్లు తెప్పించి, రెండు బ్యాగుల్లో కూరాడు. "కాగితాలంటే కాగితాలే" అంటూ స్పీడ్ బ్రేకరు మీద నాలుగు చక్కర్లు కొట్టాడు. బ్యాగులు చెక్కు చెదరలేదు. తరువాత నన్ను కూర్చోబెట్టాడు. మా ఊరివాడి ఎదుట, నందిగామ రోడ్డు మీద, దుమ్ములో గొంతుక్కూర్చుని పిన్ను లాగుతూ, దూర్చుతూ లెక్క చెప్పాను. పదకొండు దగ్గర నా గొంతు తగ్గింది.

"గట్టిగా చెప్పబ్బాయ్! కోర్టులో కూడా ఇట్టాగే గొణుగుతావా? అయితే ఎప్పుడో ఓడిపోయుంటావు."

"ఓడిపోలేదు మేస్త్రీ," అన్నాడు కోటేశ్వరరావు. "అప్పీల్లో ఉంది."

"పన్నెండు," అన్నాను నేను.

మూడో రోజు సాయంత్రం, హైవే దిగి పేటలోకి తిరిగే మలుపులో, స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగగానే ఎడమ పక్క పట్టీ వంగి, కొక్కేలు ఊడిపోయాయి. బండి అటు ఒరిగింది. ఆపుకోవడానికి ఎడమ కాలు కింద పెట్టాను. ఇరవై కిలోల రాయి బ్యాగుతో సహా ఆ పాదం మీద పడింది. బండి నా మీద పడింది.

నొప్పి కంటే ముందు నాకు గుర్తొచ్చింది, రాయి రోడ్డు మీద ఉందని. బండి కింది నుంచి కాలు లాక్కుని, రెండు రాళ్ళనూ ఒకదాని తరువాత ఒకటి ఈడ్చుకుంటూ పక్కనున్న తుమ్మపొదలోకి నెట్టాను. బూటు లోపల తడి తెలుస్తూనే ఉంది. రాళ్ళు కనపడకుండా కొమ్మలు విరిచి కప్పాక, అప్పుడు వచ్చి రోడ్డు మీద పడుకుని, వెళ్తున్న ఆటోని పిలిచాను.

ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. కోటేశ్వరరావు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఎట్టా జరిగిందండి?"

"స్టాండు ఊడింది. బండి కాలి మీద పడింది."

"కాగితాలకే?"

"కాగితాలకే," అన్నాను.

మర్నాడు అతను పని మానుకుని నందిగామ వెళ్ళాడు. సాయంత్రం వచ్చి నా మంచం పక్కన నిలబడి చెప్పాడు. "కడిగేసానండి. బల్ల నిండా జనం ఉన్నారు. రెండు కాగితం కట్టలు ఆపలేని స్టాండు చేసి మనిషి కాలు తీయిస్తావా అని అడిగా."

"ఏమన్నాడు?"

"'కాగితాలేనని ఆ అబ్బాయే అన్నాడా?' అన్నాడు. అవునన్నా. 'అయితే నాదే తప్పు' అన్నాడు. ఇంకేం మాట్లాడలా."

'కాగితాలు మోయలేని స్టాండు' అన్న మాట అక్కడే పుట్టింది. నందిగామ నుంచి పేట దాకా పాకింది. ఎవరైనా చేతకాని పని చేస్తే ఇప్పటికీ పేట బస్టాండులో ఆ మాట అంటారు. ముందు రిప్రజెంటేటివ్‌లు మానేశారు, తరువాత కొరియర్ వాళ్ళు. నన్ను అడిగిన ప్రతివాడికీ నేను అదే చెప్పాను. మా ఇంటివాళ్ళు అబద్ధం ఆడరని ఇంకా నమ్మేవాళ్ళు ఉన్నారు. మా తాతగారి తూకం మీద వచ్చిన ఆ నమ్మకాన్ని నేను ఆ పనికి వాడుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండా ఆ బల్ల ఖాళీ అయింది.

ఆయన ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ షాకబ్జర్లు కాగితాలకి చచ్చినవి కావని అనొచ్చు. ఇనుము చూసి కొడుకు తప్పుని తండ్రి మొహాన చెప్పినవాడు, తన పొట్ట మీద దెబ్బ పడుతుంటే నా గురించి అడిగినా అనలేదు. అది దయ అని ఎవరైనా అనుకుంటే ఆయన్ని చూడనివాళ్ళన్నమాట.

ఏడాది గడిచింది. రెండు వేళ్ళు పోయిన పాదంతో గోనెసంచి కట్టడం, విప్పడం నా వల్ల కాలేదు. రెండుసార్లు బండితో సహా పడ్డాను. పేటలో, కోదాడలో అడిగాను. విప్పే రకం ఎవరికీ రాదు. ఇక ఆయన దగ్గరికే వెళ్ళాలనుకున్నాను. ఎవరూ లేని సమయం చూసి, ఆయన ఒక్కడి చెవిలో బరువు చెప్పవచ్చనుకున్నాను. పేట మలుపులో కోటేశ్వరరావు ఎదురయ్యాడు.

"ఎక్కడికండి?"

"నందిగామ. మేస్త్రీ దగ్గరికి."

"మళ్ళీ అతని దగ్గరికా! ఒక్కరే వెళ్ళకండి, మళ్ళీ ఏదో మోసం చేస్తాడు. నేనూ వస్తా." అని బండి తిప్పి నా వెనకే వచ్చాడు. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు.

బల్ల మీద ఇద్దరే ఉన్నారు, ఒక ఎరువుల ఏజెంటు, టీ కొట్టతను. మేస్త్రీ చిక్కిపోయాడు. గొంతు మాత్రం అలాగే ఉంది.

"ఏమబ్బాయ్?"

"స్టాండు కావాలి."

"ఏం మోస్తావు?"

కోటేశ్వరరావు ముందుకొచ్చాడు. "మళ్ళీ అదే అడుగుతావేంది? కాగితాలని అప్పుడే చెప్పారుగా. ఈసారన్నా గట్టిగా చేసి చావు."

మేస్త్రీ అతని వైపు చూడలేదు. నన్నే చూస్తున్నాడు. పల్చటి పట్టీ, మందం పట్టీ గోడకి అలాగే ఆనించి ఉన్నాయి. కాగితాలని మళ్ళీ అనగలను. రెండో పాదం ఇంకా ఉంది నాకు.

"ఇనప రాళ్ళు," అన్నాను.

"వినపడలా."

"తూకపురాళ్ళు. కాటాలు బాగుచేసుకుని బతుకుతున్నాను."

"ఎన్ని?"

"రెండు. ఒక్కోటి ఇరవై కిలోలు."

"అప్పుడేం మోశావు?"

"ఇవే."

"నాకేం చెప్పావు?"

"కాగితాలని."

"మరి కేసో?"

"ఓడిపోయాను. ఏడేళ్ళయింది."

ఆ చివరి ప్రశ్నతో స్టాండుకి సంబంధం లేదు. తన సంతోషం కోసం అడిగాడు. నేను వీపు నిటారుగా పెట్టి అన్నిటికీ సమాధానం చెప్పాను. అది తప్ప నా చేతిలో ఏమీ లేదు.

కోటేశ్వరరావు నా పక్కనుంచి ఒక అడుగు అవతలికి జరిగాడు. "అంతమందిలో ఇతన్ని అన్ని మాటలన్నానే," అన్నాడు నెమ్మదిగా. "మీరు వింటూ ఊరుకున్నారా?"

"ఊరుకున్నాను."

అతను మేస్త్రీ వైపు తిరిగాడు. "తెలియక అన్నాను మేస్త్రీ."

"నీ ఏడుపు నాకెందుకు? కూర్చో."

అతను కూర్చోలేదు. ఎరువుల ఏజెంటు నా బూటు వంక చూస్తున్నాడు. టీ కొట్టతను గ్లాసులు తీసుకుని లేచాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"ఇప్పుడు కొలత తీసుకో," అన్నాను.

"ఎందుకు?"

"స్టాండుకి."

ఆయన చెవి వెనక సుద్దముక్క తీసి డబ్బా పక్కన పెట్టాడు. "విప్పే స్టాండు ఇంకెందుకబ్బాయ్ నీకు? మీ ఊరోడు విన్నాడుగా. ఇక ఎవరికోసం విప్పుతావు? ఎదురు షాపులో పర్మనెంటుగా అతికించేస్తారు. అది చాలు."

"నువ్వు చెయ్యవా?"

"చెయ్యను."

ఆ మాట నేను నోరు తెరవకముందే అనుండొచ్చు. నేను మొత్తం చెప్పేదాకా ఆగి అన్నాడు. ఆకురాయి అందుకుని, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

బండి తోసుకుంటూ రోడ్డు దాటాను. కుంటుతున్న కాలితో తోయడం కష్టమైంది. కోటేశ్వరరావు వచ్చి వెనక చెయ్యి వేశాడు. నేను వద్దనలేదు.

ఎదురు షాపతను వెల్డింగ్ అద్దం నుదుటి మీదికి ఎత్తి, ఏం మోస్తానని అడగకుండానే మందం పట్టీ తీశాడు. "పర్మనెంటేనా అండి? తర్వాత ఎప్పుడైనా తీయాలంటే గ్యాసుతో కోయాల్సిందే."

"కోయక్కర్లేదు," అన్నాను. "అతికించెయ్."